ఫార్మాట్ కొట్టే ముందు సిస్టంని ఒక మాట అడగండి

“ఏవండీ, మా సిస్టం పడుకోవట్లేదండి.”

“పడుకుంటోంది గానీ లేవట్లేదండి. స్విచ్ ఆపేసి మళ్లీ వెయ్యాల్సొస్తోంది.”

“అర్ధరాత్రి దానంతటదే లేచి వెలుగుతోందండి. మా అమ్మ భయపడిపోతోంది.”

అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతున్నవాణ్ని. డెస్క్‌టాప్ నిద్ర గురించి నా దగ్గరికొచ్చే ఫిర్యాదులు అటూ ఇటూగా ఈ మూడే. చెప్పేవాళ్లకి మూడూ ఒకటే జబ్బులా అనిపిస్తాయి. నిజానికి మూడింటి మూలాలు వేరు, వెతకాల్సిన చోట్లు వేరు. చాలామంది నా దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఒకరు ఫార్మాట్ కొట్టేసి ఉంటారు. నాలుగు రోజులు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. ఈలోగా డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పిల్లల ఫోటోలు పోతాయి, టాలీ లెక్కలు పోతాయి. డీటీపీ షాపువాళ్లకైతే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించుకునే పని పడుతుంది. ఫాంట్లు మళ్లీ ఎక్కించొచ్చు. బ్యాకప్ లేని ఫోటోలు మాత్రం పోతే పోయినట్టే.

అందుకే ఇదంతా రాస్తున్నాను. నిద్ర తేడాకి ఫార్మాట్ మొదటి మందు కాదు, ఆఖరి మందు. తనని ఎవరు లేపారో, ఎవరు పడుకోనివ్వడం లేదో విండోస్ తనే రాసిపెట్టుకుంటుంది. అడగడం తెలిస్తే ఇంట్లో కూర్చునే జవాబు దొరుకుతుంది. చాలాసార్లు మా షాపు గుమ్మం తొక్కే పనే ఉండదు.

ముందు స్లీప్ అంటే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. స్టార్ట్ మెనూలో స్లీప్ నొక్కగానే విండోస్ ఒక్కొక్క పరికరానికీ కబురు పంపుతుంది. గ్రాఫిక్స్ కార్డు, సౌండు, నెట్‌వర్క్ కార్డు, యూఎస్‌బీ పోర్టులు, ఇలా అన్నిటికీ. ఆయా డ్రైవర్లు తమ పరికరం ఏ స్థితిలో ఉందో గుర్తుపెట్టుకుని దాన్ని ఆపాలి. చివరికి ప్రాసెసర్ ఆగుతుంది, హార్డ్ డిస్కు ఆగుతుంది, ఫ్యాన్లు ఆగుతాయి. ర్యామ్‌కి, సిస్టంని లేపగలిగే కీబోర్డు లాంటి పరికరాలకి మాత్రం కరెంటు అందుతూనే ఉంటుంది. మీరు తెరిచి ఉంచిన ఫైళ్లు, సగం టైపు చేసిన ఉత్తరం, అన్నీ ఆ ర్యామ్‌లోనే ఉన్నాయి మరి. అక్కడ ప్రతి అక్షరమూ అతి చిన్న విద్యుదావేశాల వరసగా నిలబడి ఉంటుంది. ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది కాబట్టి మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి దాన్ని తిరిగి నింపాలి. నిద్రలో ఉన్నప్పుడు ఈ పని ర్యామ్ చిప్పులు తమంతట తామే చేసుకుంటాయి. ఆ కాస్త కరెంటూ ఆగిందంటే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ కాస్త కరెంటు ఎస్ఎంపీఎస్ నుంచి వస్తుంది. మనవాళ్లు సీపీయూ అని పిలిచే డబ్బాలో, కరెంటు వైరు గుచ్చే చోట ఉండే ఇనప పెట్టే ఎస్ఎంపీఎస్. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, సిస్టం ఆపేసి ఉన్నా సరే, అది ఊదారంగు వైరులో 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై అంటాం. ఫ్యాన్లు, డిస్కులు, ప్రాసెసర్ నడిపే మిగతా సప్లై అంతా మదర్‌బోర్డు ఆకుపచ్చ వైరుని గ్రౌండుకి కలిపినప్పుడే మొదలవుతుంది. ఈ ఊదా వైరుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

హైబర్నేట్ దారి వేరు. ర్యామ్‌లో ఉన్న సరుకుని సీ డ్రైవులో హైబర్‌ఫిల్ అనే కనపడని ఫైలులోకి దించేసి సిస్టం పూర్తిగా ఆగిపోతుంది. ఆ తర్వాత ప్లగ్గు పీకేసినా నష్టం లేదు. కాకపోతే స్లీప్‌లోంచి లేచినంత చురుగ్గా లేవదు, పాత హార్డ్ డిస్కు మీదైతే బాగా ఓపిక పట్టాలి. ఈ రెండూ కలిపితే హైబ్రిడ్ స్లీప్. ర్యామ్‌లోనూ ఉంచుతుంది, డిస్కు మీదా రాసిపెడుతుంది. విండోస్ విస్టా కాలం నుంచి ఉంది, డెస్క్‌టాప్‌ల కోసమే ఉద్దేశించింది.

ఈ ఏర్పాటంతా ఒక్కరి చేతిలో లేకపోవడమే ఇబ్బందులకి మూలం. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి ఏపీఎం అనే పద్ధతి తెచ్చాయి. అందులో నిద్రపుచ్చే పెత్తనం చాలావరకు మదర్‌బోర్డులోనే ఉండే బయోస్ ప్రోగ్రాందే. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తొషిబా కలిసి ఏసీపీఐ అనే పద్ధతిని ప్రకటించాక ఆ పెత్తనం ఆపరేటింగ్ సిస్టంకి వచ్చింది. స్లీప్‌ని ఎస్3 అని, హైబర్నేట్‌ని ఎస్4 అని, పూర్తిగా ఆపడాన్ని ఎస్5 అని పిలవడం అందులోంచి వచ్చిందే. ఇప్పటికీ మనం నడుపుతున్నది ఆ పద్ధతినే. మదర్‌బోర్డు చేసేది ఒకరు, గ్రాఫిక్స్ కార్డు ఇంకొకరు, ఎస్ఎంపీఎస్ మరొకరు, విండోస్ వేరొకరు. మా కోనసీమలో వాడుకలో ఉన్నవి చాలావరకు అసెంబుల్డ్ సిస్టంలు, కాదంటే నగరాల్లో ఆఫీసులు వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్‌వి. ఇన్ని చేతుల మీద నడిచే పనిలో ఏ ఒక్కటి కబురు సరిగా అందుకోకపోయినా నిద్ర చెడుతుంది.

ఇక అడగడం ఎలాగో చెబుతాను. స్టార్ట్ నొక్కి సీఎండీ అని కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఇవ్వండి. నల్ల విండో తెరుచుకుంటుంది. అందులో మనకి పనికొచ్చే కమాండు ఒక్కటే, పవర్‌సీఎఫ్‌జీ. పవర్ అనే మాటకి ఆనించి సీ, ఎఫ్, జీ అక్షరాలు. దాని తర్వాత ఒక ఖాళీ, ఒక స్లాష్, ఆ తర్వాత మీ ప్రశ్న. స్లాష్ పక్కన ఏ అనే ఒక్క అక్షరం కొట్టి ఎంటర్ చేస్తే, ఈ సిస్టంకి ఏయే రకాల నిద్ర చేతనవునో, ఏవి చేతకావో, ఎందుకు చేతకావో పట్టీ వేసి చూపిస్తుంది. స్టార్ట్ మెనూలో స్లీప్ మాటే మాయమైందని కంగారుపడేవాళ్లు ముందు ఇది చూడాలి. కొత్తగా విండోస్ వేసి గ్రాఫిక్స్ డ్రైవర్ వెయ్యడం మరిచిపోతే, విండోస్ తన దగ్గరున్న సాదా డ్రైవర్‌తో బొమ్మ చూపించి సరిపెడుతుంది. ఆ సాదా డ్రైవర్‌కి నిద్రపుచ్చడం రాదు. ఫార్మాట్ కొట్టించుకుని వచ్చినవాళ్లలో స్లీప్ కనిపించకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే. మదర్‌బోర్డు మోడల్ నంబరు చూసి, దాన్ని చేసిన కంపెనీ సైటులోంచే డ్రైవర్ దించుకుంటే పోతుంది.

సిస్టం పడుకోవడం లేదంటే వెయ్యాల్సిన ప్రశ్న రిక్వెస్ట్స్. స్లాష్ పక్కన ఆ మాట కొడితే డిస్‌ప్లే, సిస్టం, అవేమోడ్, ఎగ్జిక్యూషన్ లాంటి తలకట్లు వస్తాయి. ప్రతిదాని కిందా ‘నన్’ అని ఉంటే ఆ క్షణాన అడ్డుపడుతున్నవాళ్లు లేరన్నమాట. పేరు కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఎక్కువసార్లు దొరికేది సౌండు డ్రైవర్. ఏదో బ్రౌజర్ ట్యాబులో పాటలు వినిపిస్తూ ఉంటాయి, లేదా సీసీ కెమెరా సాఫ్ట్‌వేర్ మైకు పట్టుకుని కూర్చుంటుంది. ఆ ట్యాబు మూసి మళ్లీ అడిగితే పేరు పోతుంది.

కొత్తపేటలో దస్తావేజులు రాసే ఒకాయన సిస్టం మాత్రం కాస్త తిప్పలు పెట్టింది. పాటలు లేవు, వీడియోలు లేవు, అయినా రాత్రంతా మెలకువే. పొద్దున వచ్చేసరికి డబ్బా వెచ్చగా ఉంటోందన్నారు. రిక్వెస్ట్స్ అడిగితే ఎస్ఆర్‌వీనెట్ అనే పేరు చూపించింది. దూరంనుంచి ఇంకో సిస్టం దీన్ని వాడుకుంటోందని దాని పక్కనే రాసి ఉంది. పక్కగదిలో ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు కూర్చునే రెండో సిస్టం ఉంది. నమూనా దస్తావేజులన్నీ ఆయన వాడే పెద్దసిస్టంలోని షేర్డ్ ఫోల్డరులో ఉంటాయి. కుర్రాడు సాయంత్రం ఇంటికెళ్తూ ఫైలు మూయకుండా మానిటరు ఒక్కటే ఆపి వెళ్తున్నాడు. అతని సిస్టం రాత్రంతా ఆ ఫైలుని పట్టుకుని పెద్దసిస్టం తలుపు తడుతూనే ఉంది. ఫైలు మూసి, ఆ సిస్టం షట్‌డౌన్ చేసి వెళ్లమన్నాం. మరమ్మతు అంతే. ఏ ఫార్మాటూ దీన్ని బాగుచేసేది కాదు, ఎందుకంటే పాడైంది ఏదీ లేదు.

నిద్రలేకపోతే నష్టమేమిటని అడుగుతారు. పనిలేకుండా వెలుగుతున్న మామూలు డెస్క్‌టాప్ మానిటరు కాకుండానే 50 వాట్ల దాకా తింటుంది. నిద్రలో అయితే రెండు మూడు వాట్లు. రాత్రికి 14 గంటల లెక్కన నెలకి 20 యూనిట్లు ఊరికే పోతున్నట్టు. చిన్న షాపుకి అది తక్కువేం కాదు.

దానంతటదే లేచే సిస్టంకి ప్రశ్న లాస్ట్‌వేక్. రెండు మాటలూ కలిపి కొట్టాలి. ఆఖరుసారి ఎవరు లేపారో చెబుతుంది. జవాబు ఖాళీగా వస్తే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టం అన్నచోట పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో ఉన్న నమోదులు చూడండి. ఎన్ని గంటలకి పడుకుందో, ఎన్నింటికి లేచిందో, ‘వేక్ సోర్స్’ ఎవరో అందులో రాసి ఉంటుంది. లేపే హక్కు ఎవరెవరికి ఉందో మొత్తం జాబితా కావాలంటే డివైస్‌క్వెరీ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్‌డ్ అని కొట్టాలి.

ఆ జాబితాలో మామూలుగా ఉండేవి కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ కార్డు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ దగ్గర ఒక వ్యాపారి సిస్టం రాత్రుళ్లు లేస్తోందని పిలిచారు. కొట్టు ముందే లారీలు ఆగి కాయలు ఎత్తుకుంటాయి. బరువు లారీ కదిలితే బల్ల వణుకుతుంది, బల్ల వణికితే మౌస్ కింది ఎర్రలైటు ఏదో కదిలిందనుకుంటుంది, సిస్టంని లేపేస్తుంది. లాస్ట్‌వేక్ మౌస్ పేరే చెప్పింది. డివైస్ మేనేజరులో మౌస్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులోకి వెళ్లి, కంప్యూటర్‌ని లేపడానికి అనుమతి ఇచ్చే టిక్కు తీసేశాం. కీబోర్డుకి మాత్రం ఉంచాం. రెండింటికీ తీసేస్తే ఇక పవర్ బటన్ నొక్కి లేపడమే మిగులుతుంది.

నెట్‌వర్క్ కార్డు సంగతి ఇంకోటి. దూరాన ఉన్న సిస్టంని నెట్‌వర్క్ ద్వారా లేపడానికి మ్యాజిక్ ప్యాకెట్ అనే సంకేతం ఉంది. ముందు అన్నీ ఒకట్లే ఉన్న 6 బైట్లు, తర్వాత ఆ కార్డు చిరునామా 16 సార్లు వరసగా. పెద్ద ఆఫీసులకి ఇది పనికొస్తుంది. మన ఇళ్లలో దానితో పని లేదు. పైగా కొన్ని కార్డులు మ్యాజిక్ ప్యాకెట్ కాని మామూలు కబుర్లకి కూడా లేచిపోతాయి. అదే పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులో మ్యాజిక్ ప్యాకెట్‌కి మాత్రమే లేవమనే టిక్కు పెట్టండి, లేదా లేపే హక్కే తీసేయండి.

పరికరాలేవీ కాకపోతే టైమర్లు. విండోస్ తన ఆటోమేటిక్ మెయింటెనెన్స్‌కి రాత్రి 2 గంటల వేళ పెట్టుకుని ఉంటుంది, దానికోసం సిస్టంని లేపే అనుమతి కూడా అడుగుతుంది. అప్‌డేట్లు కూడా టైమర్ పెట్టుకుంటాయి. వేక్‌టైమర్స్ అని అడిగితే ఎవరు ఎన్నింటికి అలారం పెట్టారో చెబుతుంది. పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్లీప్ కింద ‘అలౌ వేక్ టైమర్స్’ని డిసేబుల్ చేస్తే అర్ధరాత్రి వెలుగులు ఆగుతాయి. పైన భయపడిన అమ్మగారి ఇంట్లో సంగతి ఇదే.

ఇప్పుడు అసలు కష్టం, పడుకుని లేవనివి. ఇక్కడ ఒక్క నిమిషం నెమ్మదించాలి, ఎందుకంటే రెండు వేర్వేరు చావులు ఒకేలా కనిపిస్తాయి. తెర నల్లగానే ఉంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. అప్పుడు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే సిస్టం లేచింది, బొమ్మ ఒక్కటే రాలేదు. లైటు కదలకపోతే సిస్టమే లేవలేదు. చిన్న పరీక్ష, పైసా ఖర్చు లేనిది. దీనితోనే సగం దారి తేలిపోతుంది.

బొమ్మ ఒక్కటే రాకపోతే విండోస్ బటన్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ ఒకేసారి నొక్కండి. విండోస్ 10, 11లో గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. తెర వచ్చిందంటే తప్పు ఆ డ్రైవర్‌ది. రాకపోతే మానిటరు వెనక్కి చూడండి. మన దగ్గర పాత వీజీఏ మానిటర్లు ఇంకా బోలెడు. కొత్త సిస్టంలు కొన్నింటికి వీజీఏ ఉండదు కాబట్టి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ తగిలిస్తారు. చవకబారు కన్వర్టర్లు కొన్ని ఒకసారి సిగ్నల్ పోయాక తిరిగి పట్టుకోవు. పీకి పెడితే బొమ్మ వస్తుంది. ఈ చిన్న ముక్క కోసం మదర్‌బోర్డు మార్పించుకోబోయినవాళ్లని ఆపాను.

సిస్టమే లేవకపోతే ముందు డ్రైవర్లని, ఆ తర్వాత బయోస్‌ని, ఆ తర్వాతే ఇనుముని అనుమానించాలి. ఏదైనా డ్రైవర్ కబురుకి జవాబు చెప్పక మొరాయిస్తే నీలితెర మీద ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అని పడుతుంది. అది పడితే ఆ మధ్య కొత్తగా తగిలించినవి, వైఫై డాంగిల్ కావొచ్చు, ప్రింటరు కావొచ్చు, ఒక్కొక్కటీ పీకి చూడండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయాక పాత సిస్టంలకి బలవంతాన విండోస్ 11 ఎక్కించినవాళ్లున్నారు. ఆ పాత బోర్డులకి కొత్త డ్రైవర్లు ఎవరూ రాయడం లేదు, నిద్ర తేడా కొన్నింటిలో అలా మొదలైంది. ఇంకో మాట. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు విండోస్ గుండెకాయ భాగాన్ని డిస్కులో దాచి, మర్నాడు అదే తిరిగి ఎక్కిస్తుంది. నిన్నటి తిక్క ఈరోజుకీ వస్తుంది. డ్రైవర్ మార్చాక షట్‌డౌన్ చేసి లాభం లేదు, రీస్టార్టే కొట్టాలి.

పాత బోర్డుల్లో బయోస్‌లో సస్పెండ్ రకం ఎస్1, ఎస్3 అని ఎంచుకునే వీలుండేది. ఎస్1లో తెర ఆరుతుంది గానీ ఫ్యాన్లు ఆగవు. బోర్డు మీది రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోతే బయోస్ తన మొదటి సెట్టింగులకి వెళ్లిపోతుంది, ఎస్3 కాస్తా ఎస్1 కావొచ్చు. గడియారం పాత తేదీ చూపిస్తోందంటే ముందు ఆ బ్యాటరీ మార్చండి, మిగతాది తర్వాత.

ఇక ఇనుము. రాజోలులో ఒక ఫోటో స్టూడియో సిస్టం నా బల్ల మీదికి వచ్చింది. పెళ్లి ఆల్బం పేజీలు తెరిచి ఉంచి భోజనానికి వెళ్తారు, వచ్చి కీ నొక్కితే ఫ్యాన్ రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది, చివరికి మొదటినుంచి ఆన్ అవుతుంది. ఆల్బం పోతుంది. అప్పటికి ఫార్మాట్ అయింది, ర్యామ్ కూడా కొత్తది వేశారు. రీస్టార్ట్ చేస్తే మాత్రం రోజంతా ఏ తేడా లేకుండా నడుస్తుంది. పని చేస్తున్నంతసేపూ బాగుండి, నిద్ర నుంచి లేచే క్షణంలోనే పడిపోతుందంటే నా కళ్లు ఊదా వైరు మీదికి వెళ్తాయి.

మదర్‌బోర్డుకి గుచ్చే 24 పిన్నుల పెద్ద కనెక్టరులో ఆ వైరు ఉంటుంది. కనెక్టర్ పీకకుండానే, వెనకవైపు నుంచి మల్టీమీటరు ఎర్ర సూది ఊదా వైరు పక్కన దూర్చాను, నల్ల సూది నల్ల వైరు దగ్గర పెట్టాను. నిద్రలో 4.9 చూపించింది. 5 వోల్టులకి అటూ ఇటూ అయిదు శాతం, అంటే 4.75 నుంచి 5.25 దాకా ఫర్వాలేదు. స్టూడియో ఆయన్ని కీబోర్డు నొక్కమన్నాను. అంకె చప్పున 4.4కి జారి, అక్కడే తడబడి, సిస్టం చచ్చింది. మళ్లీ నిద్రపుచ్చి నొక్కితే మళ్లీ అదే. లేచే క్షణాన మదర్‌బోర్డు ర్యామ్‌ని స్టాండ్‌బై కరెంటు మీదినుంచి పెద్ద సప్లై మీదికి మార్చుకోవాలి. చేతులు మారే ఆ సందులో ఊదా వైరు నీరసిస్తే ర్యామ్‌లో ఉన్నది చెదిరిపోతుంది. ఎస్ఎంపీఎస్ లోపల స్టాండ్‌బై భాగానికి ఉండే కెపాసిటర్లు ఏళ్ల తరబడి వేడికి ఎండిపోతే ఇలా జరుగుతుంది. ఆ భాగానికి విశ్రాంతి లేదు, స్విచ్ వేసి ఉన్నన్నాళ్లూ పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. ఎస్ఎంపీఎస్ మార్చి అదే పరీక్ష చేశాం, అంకె కదల్లేదు. ఆల్బం ఎక్కడ వదిలారో అక్కడే తెర మీదికి వచ్చింది. పాత ర్యామ్‌లో ఏ దోషమూ లేదు, దాన్నే తిరిగి పెట్టించుకోమన్నాను. మీటరు పెట్టడం అలవాటు లేనివాళ్లు ఇది ఇంట్లో చెయ్యొద్దు. ఎస్ఎంపీఎస్ పెట్టెని మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ కాసేపు నిలిచే ఉంటుంది.

సముద్రం దగ్గరి ఊళ్ల సిస్టంలకి ఇంకో బాధ. అంతర్వేది, సఖినేటిపల్లి, ఓడలరేవు వైపు నుంచి వచ్చే డబ్బాలు విప్పితే స్క్రూల తలలు తుప్పుపట్టి ఉంటాయి. ఉప్పుగాలి, తేమ కలిసి ర్యామ్ గుచ్చే స్లాటులో పొర కట్టిస్తాయి. పొరవల్ల స్పర్శ సరిగా లేని ర్యామ్ మామూలప్పుడు ఎలాగో నడిచినా నిద్ర, మెలకువల మధ్య తప్పటడుగు వేస్తుంది. ప్లగ్గు తీసి, ర్యామ్ బయటికి లాగి, బంగారు రంగు పళ్లని మెత్తటి రబ్బరుతో ఒకే దిక్కుగా తుడిచి, రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి పెడితే చాలావాటికి అదే సరిపోతుంది. చీమలు, బల్లులు కూడా డబ్బాలోని వెచ్చదనానికి చేరతాయి. వెనక ఖాళీ స్లాటులకి రేకులు లేకపోతే వేయించుకోండి.

ఇంతవరకు ఏ ఊరికైనా వర్తించేదే చెప్పాను. ఒక్క విషయంలో మాత్రం కోనసీమకి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర స్లీప్‌ని నమ్ముకోవద్దు. తోటల మధ్య నుంచి వెళ్లే లైన్ల మీద ఈదురుగాలికి కొబ్బరి మట్ట పడిందంటే కరెంటు పోయినట్టే. రొయ్యల చెరువుల ఏరేటర్లు ఒక్కసారి అందుకున్నప్పుడు లైను చివరి ఇళ్లలో వోల్టేజీ దిగిపోతుంది. 1996 నవంబరు 6 తుఫాను చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు చీకటి మళ్లీ చూశాం. కరెంటు పోతే స్లీప్‌లో ఉన్న సిస్టం అంటే ర్యామ్‌లో ఉన్నదంతా పోయిన సిస్టం. మర్నాడు ఆన్ చేసి “స్లీప్‌లోంచి లేవలేదండి, రీస్టార్ట్ అయిపోయింది” అంటారు. లోపం సిస్టంలో లేదు, రాత్రి కరెంటు పోయింది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అనే నమోదు ఉంటే సరిగ్గా ఆపకుండానే సిస్టం ఆగిందని అర్థం.

యూపీఎస్ ఉందిగా అంటారు. బ్యాటరీ నీరసించిన యూపీఎస్ ఎంతోసేపు ఆగదు. కొన్ని రకాల్లో ఇంకో తిరకాసు ఉంది. బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు లోడు మరీ తక్కువగా ఉంటే, వాడేవాళ్లెవరూ లేరనుకుని బ్యాటరీ మిగల్చడానికి యూపీఎస్ తనే ఆగిపోతుంది. నిద్రలో ఉన్న డెస్క్‌టాప్ లాగేది రెండు మూడు వాట్లే. మేలుకుని ఉన్న సిస్టంని కాపాడిన యూపీఎస్సే నిద్రపోతున్న సిస్టంని వదిలేస్తుందన్నమాట. మీది అలాంటిదేమో తెలుసుకోవాలంటే పనికిమాలిన ఫైలొకటి తెరిచి, స్లీప్‌లో పెట్టి, గోడ స్విచ్ ఆపి చూడండి.

కాబట్టి ఈ ప్రాంతంలో డెస్క్‌టాప్‌కి నా తీర్పు ఇది. టీ తాగి వచ్చేంతసేపటికి స్లీప్. భోజనానికి వెళ్లినా, రాత్రికి కట్టేసినా హైబర్నేట్. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో పవర్ బటన్లు ఏం చెయ్యాలో ఎంచుకునే పేజీ తెరిస్తే హైబర్నేట్‌కి టిక్కు పెట్టొచ్చు, స్టార్ట్ మెనూలోకి వస్తుంది. అక్కడ కనిపించకపోతే నల్ల విండోలో పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్, హైబర్నేట్, ఖాళీ, ఆన్ అని కొట్టండి. సీ డ్రైవులో జాగా పోతుందని కొందరు దీన్ని తీసేయిస్తారు. విండోస్ 10లో మామూలుగా అది తీసుకునేది ర్యామ్ సైజులో 40 శాతం దాకా, 8 జీబీ ర్యామ్‌కి 3 జీబీ పైచిలుకు. పోయిన దస్తావేజు మళ్లీ టైపు చేసుకోవడం కంటే అది చవకే. హైబ్రిడ్ స్లీప్ మీ సిస్టంలో ఉంటే అదీ ఆన్‌లో పెట్టుకోండి, కరెంటు పోయినా డిస్కులోంచి తెచ్చుకుంటుంది. ఉరుములు, గాలి మొదలైన రోజున మాత్రం హైబర్నేట్ చేసి ప్లగ్గు కూడా తీసేయండి.

ఇన్ని చేసినా దారి దొరక్కపోతే మెకానిక్ దగ్గరికి రండి. వచ్చేటప్పుడు డబ్బా ఒక్కటే మోసుకురాకండి. నల్ల విండోలో వచ్చిన జవాబులని ఫోనులో ఫోటో తీసుకురండి, క్యాప్స్ లాక్ లైటు వెలిగిందో లేదో చెప్పండి, తేడా మొదలయ్యే ముందు కొత్తగా ఏం తగిలించారో, ఏం ఎక్కించారో గుర్తుచేసుకుని చెప్పండి. దానితో నాలాంటివాడికి సగం పొద్దు మిగులుతుంది, మీకు డబ్బు మిగులుతుంది. కారణం ఏమిటో చెప్పకుండా ఫార్మాట్ కొట్టేద్దాం అని ఎవరైనా అంటే, నేనన్నా సరే, ఒప్పుకోకండి. ముందు మీ ఫోటోలు, లెక్కలు వేరే డిస్కులోకి తీసి చేతికిమ్మనండి.